గణితవేత్తయైన పోపు

క్రీ. శ. 10వ శతాబ్దమున ఐరోపా ఖండమందు లెక్కలు చేయుట సులభమైన పని కాదు. అచ్చటివారు వాడుచుండిన రోమక సంఖ్యలకు స్థానమునుబట్టి పదిరెట్లు పెరుగు గుణము లేదు. అందుచేత గుణకార భాగహారములు పండితులకు సైతము కష్టసాధ్యములై యుండెను.

అట్టి కాలమున, 946 ప్రాంతమున, ఫ్రాన్సు దేశపు ఓవెర్న్ సీమలో ఒక సామాన్య కుటుంబమున జెర్బర్టు జన్మించెను. అతడు ఓరియాక్ పట్టణమందలి క్రైస్తవ మఠమున విద్య నేర్చెను. 967లో బార్సిలోనా ప్రభువైన బొరెల్ ఆ మఠమునకు వచ్చెను. తన దేశమున శాస్త్రజ్ఞులు కలరని అతడు చెప్పగా, మఠాధిపతి జెర్బర్టును అతని వెంట పంపెను. జెర్బర్టు స్పెయిన్ ఈశాన్య భాగమున విక్ నగరపు బిషప్పగు అట్టో కడ గణితము నభ్యసించెను. దక్షిణ స్పెయిన్ అప్పుడు ముస్లిము పాలకుల యేలుబడిలో నుండెను. భారతదేశమున పుట్టిన అంకెలు అరబ్బుల ద్వారా అచ్చటికి చేరియుండెను.

పిమ్మట అతడు ఫ్రాన్సులోని రీమ్స్ నగరమున ఉపాధ్యాయుడయ్యెను. డాలులు చేయు పనివానిచే అబాకస్ అను గణనఫలకమును చేయించెను. దానికి 27 నిలువు గడులు. కొమ్ముతో చేసిన బిళ్ళలు 1,000. బిళ్ళలపై తొమ్మిది అంకెలు గుర్తింపబడెను. మూడు అంకెగల బిళ్ళ ఒకట్ల గడిలో నున్న మూడు. పదుల గడిలో నున్న ముప్పది. వందల గడిలో నున్న మూడువందలు. 305ను చూపవలెనన్న పదుల గడిని ఖాళీగా విడిచిన చాలును. సున్న గుర్తు లేకున్నను ఖాళీ గడియే దాని పని చేసెను.

ఖగోళమును బోధించుటకు అతడు కొయ్య గోళములను చేసి, వానిపై నక్షత్రరాసులను చూపెను. గొట్టముగుండ ధ్రువమును గుర్తించు విధము నేర్పెను. ట్రియర్ నగరపు సన్యాసి యొకడు గోళము నడుగగా, స్టాటియస్ కవి కావ్యపు ప్రతిని బదులుగా పంపుమని వ్రాసెను. ఆతనికి గ్రంథమే ధనము!

999లో జెర్బర్టు రెండవ సిల్వెస్టర్ అను పేర పోపు పీఠమునెక్కెను. ఫ్రాన్సు దేశీయులలో ఆ పదవి నందిన మొదటివాడతడే. 1003 మే 12న పరమపదించెను.

అతని విద్య నెరుగని లోకము ఊరకుండలేదు. అతడు దయ్యముతో ఒడంబడిక చేసికొనెననియు, ప్రశ్నలకు ఉత్తరమిచ్చు లోహపు తలను నిర్మించెననియు కథలు పుట్టెను. 12వ శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారుడొకడు వానిని గ్రంథస్థము చేసెను. తనకు తెలియని విద్యను మాయ యనుట అజ్ఞానమునకు సహజము. కాని కాలము గడచినకొలది ఆ అంకెలే ఐరోపా యంతట వ్యాపించెను. నాడు మంత్రగాడని నిందింపబడినవానిని నేడు చరిత్ర గురువని గౌరవించుచున్నది.