మొగ దాటితే ఎవరి చట్టం?

తిరునిన్రవూరులో ఉద్యోగం చేసుకునే ఒకాయన, పళవేర్కాడులో ఉన్న బావమరిదితో కలిసి ఫైబర్ బోటులో వాటా పెట్టుకున్నాడనుకోండి. బోటుకు ఔట్‌బోర్డు ఇంజిను ఉంది. నెల మే. సముద్రంలోకి తెరుచుకునే మొగ దాటి వేటకు పోవచ్చా, పోకూడదా?

బోటు ఎక్కడ వల వేస్తుందన్నదాన్ని బట్టి దీనికి మూడు వేర్వేరు జవాబులున్నాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తమిళనాడులో ఇది 2001లో 45 రోజులుగా మొదలై 2017లో 61 రోజులైంది. తమిళనాడు నీళ్లలో ఈ నిషేధం మరపడవలకే, అంటే లోపలే పెద్ద ఇంజిను ఉండే బోట్లకే వర్తిస్తుంది. ఇంజిను బిగించిన నాటుపడవలు, ఫైబర్ బోట్లు తీరం దగ్గర వేటాడుకోవచ్చు. కాబట్టి మన బోటు పళవేర్కాడు ముందు వల వేస్తే తప్పులేదు. అదే బోటు ఉత్తరానికి తిరిగి శ్రీహరికోట వైపు పోయిందా, అక్కడివి ఆంధ్ర నీళ్లు. ఆంధ్రప్రదేశ్ నిషేధం మరపడవలతో పాటు మోటారు పడవలకూ వర్తిస్తుంది. ఇక ఎటూ తిరగకుండా నేరుగా తూర్పుకే పోయి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే, అక్కడ కేంద్రం ఉత్తర్వు అమల్లో ఉంటుంది. దాని ప్రకారం ఆ రెండు నెలలూ మినహాయింపు ఇంజిను లేని సంప్రదాయ పడవలకే. ఒకే బోటు, ఒకే రోజు, ఒకచోట సక్రమం, రెండుచోట్ల నేరం.

ఈ చిక్కుకు మూలం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉంది. చేపల వేట రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలకు అవతలి వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. ఆ 12 మైళ్ల గీతను, దాని అవతల 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిని 1976 నాటి కేంద్ర చట్టం నిర్దేశించింది. లోపలి భాగానికి తమిళనాడు 1983లో, ఆంధ్రప్రదేశ్ 1994లో తమ తమ సముద్ర వేట నియంత్రణ చట్టాలు చేసుకున్నాయి. వాటి లెక్కలూ ఒకటి కావు. మరపడవ తీరానికి 5 నాటికల్ మైళ్ల లోపు రాకూడదని తమిళనాడు అంటే, ఆంధ్ర 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ వేటగాళ్లకు విడిచింది.

12 మైళ్లు దాటితే రాష్ట్రానికి ఇక పనే లేదనుకుంటే పొరపాటు. చేపల గుంపును చుట్టి అడుగున బిగించే సురుక్కుమడి (పర్స్‌సీన్) వలల కేసు చూడండి. తమిళనాడు 2022 ఫిబ్రవరిలో ఆ వలలను నిషేధించింది. వేటగాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 జనవరి 24న జస్టిస్ బోపన్న, జస్టిస్ సుందరేశ్‌ల ధర్మాసనం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 12 మైళ్ల అవతల మాత్రమే, సోమ గురువారాల్లో మాత్రమే, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు, రిజిస్టరైన బోట్లతో, ఆచూకీ తెలిపే పరికరం పెట్టుకుని వేటాడవచ్చని చెప్పింది. వేట కేంద్రం పరిధిలోని నీళ్లలోనే సాగినా, బోటు బయలుదేరేదీ తిరిగి వచ్చేదీ రాష్ట్రం ఒడ్డు నుంచే. అందుకే ఆ షరతుల్లో రాష్ట్ర మత్స్యశాఖ పర్యవేక్షణకూ చోటు దక్కింది.

2025 నవంబరు నుంచి ఇంకొకటి చేరింది. ప్రత్యేక ఆర్థిక మండలిలో వేటాడే మరపడవలు, పెద్ద మోటారు బోట్లు కేంద్రం కొత్త నిబంధనల కింద రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో యాక్సెస్ పాస్ తీసుకోవాలి. దానికి రుసుము లేదు. సంప్రదాయ పడవలకూ, చిన్న మోటారు పడవలకూ ఆ పాస్ అక్కర్లేదు. పాస్ అక్కర్లేదంటే నిషేధ కాలంలోనూ పోవచ్చని అర్థం కాదు, జాగ్రత్త.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది సరిహద్దు దగ్గర జరిగే గొడవ. నెల్లూరు తీరంలో తమిళనాడు బోట్లను అక్కడి వేటగాళ్లు పట్టి ఒడ్డుకు లాక్కెళ్లడం, విడిపించుకోవడానికి డబ్బు మాట్లాడుకోవడం ఏళ్లుగా నడుస్తోంది. తమ తీరం లోపలికి వచ్చి పెద్ద బోట్లు ఊడ్చుకుపోతే ఆ ఊళ్లవాళ్ల కడుపు మండటం న్యాయమే. కానీ బోటును పట్టుకునే అధికారం చట్టం మత్స్యశాఖ అధికారులకు, ప్రభుత్వం అధికారమిచ్చినవాళ్లకు ఇచ్చింది. ఊరి పెద్దలకు ఇవ్వలేదు. మనుషుల్ని నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద, బెదిరించి డబ్బు గుంజడం 308వ సెక్షన్ కింద నేరాలు. అవతలి బోటు తప్పుచేసి ఉన్నా ఇవి నేరాలే. సముద్రంలో ఇలాంటిది ఎదురైతే తీర భద్రతా పోలీసుల నంబరు 1093, కోస్ట్‌గార్డు నంబరు 1554.

అధికారులే బోటును పట్టుకుంటే వేరే దారి. స్వాధీనం చేసుకున్నట్టు కాగితం అడగండి. పట్టుకున్న చోటు అక్షాంశ రేఖాంశాలు అందులో ఉండేట్టు చూసుకోండి, మొత్తం కేసు నిలిచేది దానిమీదే. జీపీఎస్‌లోని దారిని చెరపకండి. జరిమానా వేసే ముందు మీ మాట వినాలి. ఉత్తర్వు వచ్చాక అప్పీలుకు గడువు తక్కువ, ఆ రోజే నకలు తీసుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత సాయం ఉంది. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయ పరిమితి కూడా లేదు. ఫోన్ నంబరు 15100.

నిషేధ కాలం భృతి సంగతీ చెప్పాలి. తమిళనాడు కుటుంబానికి 8,000 రూపాయలు ఇస్తుంటే, ఆంధ్రప్రదేశ్ 2025 నుంచి 20,000 ఇస్తోంది. ఒకే కడలి మీద బతికే రెండు ఊళ్లకు ఇంత తేడా అన్యాయమని నా అభిప్రాయం. అయితే అవతలి పథకంలో పేరు చేర్పిస్తామని చెప్పే దళారుల మాట వినకండి. రెండు రాష్ట్రాల్లో లబ్ధి పొందినట్టు బయటపడితే తీసుకున్న సొమ్ము తిరిగి కట్టాల్సి రావచ్చు, కేసూ పడవచ్చు. మీ రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఆధార్ మూడింటిలోనూ పేరు, ఊరు ఒకేలా ఉన్నాయో లేదో ఏప్రిల్ రాకముందే సరిచూసుకుని, తేడా ఉంటే మత్స్యశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా దిద్దించుకోండి.