సమాజ సేవకు పంపిన బాలలు: బాధ్యత ఎవరిది?

జువెనైల్ జస్టిస్ చట్టం–2015 అమల్లోకి వచ్చిన తేదీ 2016 జనవరి 15. నేరం చేసినట్టు తేలిన బాలుణ్ని ఏదైనా సంస్థ లేదా వ్యక్తి పర్యవేక్షణలో సమాజ సేవ చేయమని జువెనైల్ జస్టిస్ బోర్డు ఆదేశించవచ్చు: సెక్షన్ 18(1)(సి). 2016 నమూనా నిబంధనల ప్రకారం 14 ఏళ్లు దాటినవారికే ఇది వర్తిస్తుంది. పార్కు నిర్వహణ, వృద్ధుల సేవ, ఆసుపత్రిలో సాయం, ట్రాఫిక్ వాలంటీరు పని ఉదాహరణలు.

అలా పార్కు పనికి పంపిన కుర్రాడి వేలు గడ్డి కోసే యంత్రం తగిలి తెగితే? ఉద్యోగుల పరిహార చట్టం–1923, సెక్షన్ 3 యజమానిని బాధ్యుణ్ని చేసింది ఉద్యోగం వల్ల, ఉద్యోగ సమయంలో జరిగిన ప్రమాదానికి. (ఈ అంశాలు 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్–2020 కింద అమలవుతున్నాయి.) బోర్డు పంపిన బాలుడికి జీతం, ఉద్యోగ ఒప్పందం ఉండవు కాబట్టి ఆ రక్షణ నేరుగా అందుతుందని చెప్పలేం. ఇది వెంటనే పూడ్చాల్సిన లోటు.

అలాగని పర్యవేక్షకులు చేతులు దులుపుకోలేరు. తమ అధీనంలోని బాలుణ్ని హింసించినా, ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసినా జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బాలుడి గుర్తింపు వివరాలు బయటపెడితే సెక్షన్ 74: 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇలాంటి పని అప్పగించిన ప్రతి ఉత్తర్వూ సెక్షన్ 18 కిందిది కాదు. 2024 మేలో పుణె కారు ప్రమాదం కేసులో బోర్డు నిందితుడైన మైనర్‌కు 15 రోజుల ట్రాఫిక్ విధి, 300 పదాల వ్యాసం విధించింది. అవి బెయిల్ షరతులు, సెక్షన్ 18 ఉత్తర్వు కాదు.

ఇక పెద్దలకు సమాజ సేవ శిక్ష: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 4(ఎఫ్), అమలు 2024 జులై 1.