ఓరుగల్లు అడవులలో కోయభాష

ఏటూరునాగారం, తాడ్వాయి అనగానే మన విద్యార్థులకు మేడారం జాతర స్ఫురిస్తుంది. రెండేండ్లకొకమారు లక్షలాది జనం సమ్మక్క సారలమ్మల గద్దెలను దర్శించి వస్తారు. ఆ దేవతలను కొలిచే కోయలకు తమదైన భాష ఒకటి కలదని వారిలో ఎందరెరుగుదురు?

కోయను తెలుగు మాండలికమని తలచేవారున్నారు. అది సరికాదు. భాషాశాస్త్రజ్ఞులు దానిని గోండీకి అతి సన్నిహితమైనదిగా నిర్ణయించారు. గోండీ, కువి, కొండ, తెలుగు ఒకే దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి కనుక కోయ తెలుగుకు సోదరి వరుస అవుతుంది. వ్యాకరణం చదివే విద్యార్థులు ఒక్క ఉదాహరణ గమనింతురు గాక. తెలుగులో 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అన్నచోట క్రియారూపం ఒకటే. బహువచనంలో మాత్రం 'స్త్రీలు వచ్చారు', 'ఆవులు వచ్చాయి' అని వేరుపడతాయి. గోండీ, కోయలలో బహువచనంలోనూ ఈ రెంటికీ ఒకే రూపం. పురుషులకే వేరు రూపం. ద్రావిడ లింగవ్యవస్థను గూర్చి వాదించే పండితులకు ఇట్టి సాక్ష్యం తాళపత్రాలలో దొరకదు, గూడెంలోని ముదుసలి నోట దొరుకుతుంది.

2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పుకొన్నవారు దేశమంతటా 4 లక్షల పైచిలుకు. కోయ తెగవారి సంఖ్య అంతకంటె చాలా ఎక్కువ. గోదావరి దాటి భద్రాచలం, చింతూరు వైపు ఆ పలుకు ఇంకా వినవస్తుంది; మన ఓరుగల్లు వైపు అనేక గూడేలలో తెలుగే ఇంటి భాషయింది. ఎవరూ బలవంతపెట్టలేదు. సంతలో తెలుగు, కచేరిలో తెలుగు, బడిలో తెలుగు; ఇక తల్లి బిడ్డతో కోయ మాట్లాడడం మానుకొన్నదంటే ఆమెను తప్పు పట్టగలమా?

దీనికి మారుగా ఒక ప్రయత్నం నిజాం రాజ్యంలోనే జరిగింది. 1940లో కొమురం భీము మరణానంతరం ప్రభుత్వం గిరిజనుల స్థితిగతుల పరిశీలనకు హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని నియమించగా, ఆయన సలహాపై 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. నాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. ఉర్దూ రాజభాషగా, విశ్వవిద్యాలయ బోధనాభాషగా ఉన్న రాజ్యంలో అడవిబిడ్డకు వాని భాషలోనే అక్షరాలు నేర్పడం చిన్న విషయం కాదు. ఆ పద్ధతి నిలువలేదు. మరల 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించింది. వానిలో కోయ ఒకటి.

మన కళాశాల అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ. రాజ్యాంగం 29, 30 అధికరణాలను మనం తరచు ఉదాహరిస్తాము. 1956లో చేరిన 350-ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలంటుంది. అందులో ఉర్దూ పేరు లేదు, కోయ పేరూ లేదు. ఇద్దరి పిల్లలకూ అది సమానంగా వర్తిస్తుంది. మన బిడ్డల కోసం ఆ అధికరణం చదివేవారము, ఏటూరునాగారం బిడ్డ విషయంలో దానిని మూసివేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

మా తెలుగు శాఖ తలపెట్టిన పని స్వల్పం. వేసవి సెలవులలో నలుగురు విద్యార్థులు కోయ మాట్లాడే పెద్దల వద్దకు వెళ్లి, వారి అనుమతితో బంధువాచకాలు, చెట్ల పేర్లు, వ్యవసాయపు మాటలు తెలుగు లిపిలో వ్రాసుకొని, వారికే చదివి వినిపించి సరిచూసుకోవాలి. ప్రతి ఒకటి కళాశాల గ్రంథాలయంలోను, మరొకటి ఆ ఊరి బడిలోను ఉండాలి. ప్రయాణ వ్యయానికి కార్యవర్గం వారి అనుమతి కోరుతున్నాము.