కాలేయమును గూర్చి ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పటాన్‌చెరు ప్రాంతంలో ఒక మందుల కర్మాగారంలో పని చేస్తున్నాను. రియాక్టరులో డి.ఎం.ఎఫ్. అనే ద్రావకం పోయడం, ఖాళీ డ్రమ్ములు కడగడం నా పని. కొంతకాలంగా సెలవునాడు ఒక్క బీరు తాగినా ముఖమూ ఛాతీ ఎఱ్ఱగా కంది, గుండె దడదడలాడుతోంది. ఆకలి కూడా మందగించింది. ఒంట్లో వేడి చేసిందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఇది వేడి కాదు. డైమిథైల్ ఫార్మమైడ్ అను ఈ ద్రావకముతో మెలగువారికి మద్యము సరిపడకుండుట వైద్యులు చిరకాలముగా ఎఱిగిన లక్షణము. మద్యము కాలేయమున మొదట ఎసిటాల్డిహైడుగా మారి, పిదప వేఱొక ఎంజైము చేత నిరపాయమగు పదార్థముగా పరిణమింపవలసి యుండగా, ఈ ద్రావకము ఆ రెండవ మెట్టునకు అడ్డుపడుటచే, నడుమ నిలిచిపోయిన ఎసిటాల్డిహైడు రక్తమున పేరుకొని ముఖమును కందించును, గుండెను దడదడలాడించును. ఆకలి మందగించుట కాలేయమునకు దెబ్బ తగులుచున్నదని శంకింపదగిన గుర్తు.

కాలేయకణము ఎట్లు చెడునో మీవంటివారు తెలిసికొనుట అవసరము. ఆహారముతో పోయిన విషము పేగులనుండి ద్వారసిర మార్గమున నేరుగా కాలేయమునకు చేరును. ఊపిరితో చొచ్చినదియు, చర్మమున ఇంకినదియు రక్తముతో తిరిగి తిరిగి అచ్చటికే వచ్చును. క్రొవ్వులో కరుగు రసాయనములను నీటిలో కరుగు రూపమునకు మార్చి మూత్రముద్వారా వెడలునట్లు చేయుట ఈ కణముల నిత్యకృత్యము. అయితే ఆ మార్పు నడుమ పుట్టు పదార్థము, పెక్కు సందర్భములలో, లోనికి వచ్చిన విషముకంటె తీవ్రమైనదగుటయే ఇందలి విషాదము. పూర్వము బట్టల డ్రైక్లీనింగునందును, మంటలార్పు సాధనములందును విరివిగా వాడిన కార్బన్ టెట్రాక్లోరైడునుండి కాలేయమందలి సైటోక్రోమ్ ఎంజైము ఒక క్లోరిను పరమాణువును ఊడదీసినంతనే, మిగిలిన శకలము కణపు పొరలలోని క్రొవ్వులపై బడి, ఒకదాని వెంట నొకటిగా వానిని ఆక్సీకరించి, ఆ పొరను ఛిద్రము చేయును. ఇట్టి ఎంజైములు మెండుగా నుండునది కాలేయఖండికల నడిమి సిర చుట్టునున్న కణములలో. కావున మొదట చచ్చునవియు అవియే. విషములను పెక్కింటిని కట్టివేయు గ్లూటాథయోను అను రక్షకపదార్థము కణములలో నున్నది గాని, అది వ్యయమైన పిమ్మట కణమునకు దిక్కులేదు.

మీ ద్రావకమును హానికరముగా మార్చు ముఖ్యమైన ఎంజైము నిత్యమద్యపానముచే పెరుగును. కనుక మీ విషయమున మద్యము ఒక్క చుక్కయు తగదు.

ఇక రక్షణ మాట. డి.ఎం.ఎఫ్. చర్మముగుండ కూడ లోనికి పోవును కావున ముక్కుకు గుడ్డ కట్టుకొనినంత మాత్రమున చాలదు. పలుచని లేటెక్సు తొడుగులును ఈ ద్రావకమును ఆపలేవు, బ్యూటైల్ రబ్బరు చేతితొడుగులు కావలెను. తడిసిన బట్టలు తక్షణమే విప్పివేయవలెను. ఏ.ఎల్.టి., ఏ.ఎస్.టి. అను రక్తపరీక్షలు వెంటనే చేయించుకొనుడు. కణముల లోపల నుండవలసిన ఈ ఎంజైములు పొర చినిగి రక్తములోనికి కారినప్పుడు వాని పరిమాణము హెచ్చును. కాలేయపు లోభాగమునకు నొప్పి తెలియదు కనుక, నొప్పి వచ్చినపుడు చూతమని కూర్చుండరాదు. పరీక్షలో తేడా కనిపించినచో ఆ పని మానిపించి వేఱొక పనికి మార్చుమని యాజమాన్యమును వ్రాతమూలముగా కోరుడు. అది కార్మికుని హక్కు, దయాధర్మము కాదు. దెబ్బ తొలిదశలోనే తెలిసి, విషముతో సంపర్కము తొలగినచో, కాలేయము చాలవఱకు కోలుకొనును. ఏండ్ల తరబడి సాగినచో మచ్చకట్టి గట్టిపడును.

ప్రశ్న: విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలు మిగిలిపోయినవి. బాగా కడిగి తిండికి వాడుకోవచ్చునా?
- ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: వాడరాదు. కోళ్ళకును వేయరాదు. టర్కీ దేశమున 1955 మొదలు 1959 వఱకు, హెక్సాక్లోరోబెంజీను అను శిలీంధ్రనాశిని పట్టించిన విత్తనపు గోధుమలను కఱవు వేళ పేదలు రొట్టెలు చేసికొని తినగా, 3000 మందికి పైగా కాలేయమందలి, రక్తమునకు ఎఱుపునిచ్చు హీము అను పదార్థపు తయారీ చెడి, ఎండ తగిలినచోట చర్మము బొబ్బలెక్కినది, మూత్రము ముదురు ఎఱుపు తిరిగినది, పిల్లల మొగములపై వెండ్రుకలు మొలిచినవి. ఆ తల్లుల పాలు త్రాగిన పసికందులు ఎందఱో మరణించిరి. నీళ్ళతో రంగు పోవచ్చును గాని విషము పోవునని నమ్మరాదు.

ప్రశ్న: మా నాన్నగారు చిరకాలం పురుగుమందులు చల్లారు. కామెర్లు వచ్చినవి. వాతలు పెట్టించమని కొందరు, కాలేయాన్ని కడిగే టానిక్కులు వాడమని కొందరు చెబుతున్నారు. ఏది మేలు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: రెండును వలదు, అమ్మా. వాతలవలన కలుగునది పుండు మాత్రమే. కాలేయమును కడిగివేయు మందు ఏదియు లేదు. పైగా అందేమున్నదో తెలియని టానిక్కును అరిగించు భారమును ఆ రోగగ్రస్తమైన కాలేయమే మోయవలసి వచ్చును. కామెర్లకు పురుగుమందే కారణమని ముందుగా నిశ్చయింపరాదు. హెపటైటిస్ బి, సి వైరసులును, పిత్తనాళమున అడ్డును కారణములు కావచ్చును గనుక, వానిని రక్తపరీక్షలతోను, స్కానింగుతోను తేల్చవలెను. నాన్నగారిని ఇకపై మందు చల్లనీయకుడు. నేడే వైద్యుని వద్దకు తీసికొనిపోవునపుడు, ఇంటిలోనున్న పురుగుమందు డబ్బాల మీది పేర్లన్నియు ఒక కాగితముమీద వ్రాసికొని పోయి చూపుడు.