ప్లాన్ పెంచే ముందు ఒక లాన్ వైరు కొనండి

ఈసారి హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ చుట్టుపక్కల నుంచి వచ్చిన నెట్ కష్టాలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మాది కిస్మత్‌పూర్‌లో డూప్లెక్స్ ఇల్లు. 200 ఎంబీపీఎస్ ప్లాన్. రూటర్ కింద హాల్లో టీవీ యూనిట్ లోపల పెట్టారు. పైన మా అబ్బాయి గదిలో 15 కూడా రావడం లేదు, ఆన్‌లైన్ క్లాసు మధ్యలో బొమ్మ ఆగిపోతోంది. కస్టమర్ కేర్ వాళ్లు 300 ప్లాన్‌కి మారమంటున్నారు. మారమంటారా? - ఓ గృహిణి

జవాబు: వద్దమ్మా. కింద 200 వస్తూ పైన 15 వస్తుంటే, కింద 300 అయినా పైన ఆ పదిహేనే.

నెట్ మీ ఫోన్లోకి రెండు దారుల్లో వస్తుంది. వీధి నుంచి రూటర్ దాకా ఫైబర్ మీద, రూటర్ నుంచి ఫోన్ దాకా గాలిలో. కంపెనీ బాధ్యత మొదటి దారి వరకే. చెడింది ఏ దారో తేలాలంటే, ఇంట్లో అందరినీ పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టమనండి. ల్యాప్‌టాప్‌కి వైఫై ఆపేసి, లాన్ వైరుతో నేరుగా రూటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. 180, 190 వచ్చిందంటే కంపెనీ తప్పేం లేదు. జబ్బు ఇంట్లోనే ఉంది.

నాకు తెలిసి మీ ఇంట్లో జరిగేది ఇదీ. రూటర్ రెండు బ్యాండ్లలో పని చేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, కానీ కాంక్రీటు స్లాబు దాటడం దానికి కష్టం. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ నెమ్మది, పైగా రద్దీ. దానిలో ఒకదానితో ఒకటి గుద్దుకోని ఛానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ ఆ మూడింటి మీదే పడతాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో పని చేస్తుంది. మీ అబ్బాయి ఫోన్ మెట్లెక్కగానే 5 వదిలి 2.4 పట్టుకుంటోంది.

ముందు రూటర్‌ని టీవీ యూనిట్ లోంచి బయటికి తీయండి. అందంగా కనపడదని అరలో దాస్తారు గానీ, టీవీ వెనక రేకు, అద్దం, తలుపు అన్నీ సిగ్నల్‌ని తినేస్తాయి. మెట్ల దగ్గర ఎత్తులో పెడితే మేలు, స్లాబులో ఖాళీ ఉన్నది అక్కడే కదా. అప్పటికీ చాలకపోతే పై గదికి ఒక లాన్ వైరు లాగించి, అక్కడ రెండో రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. చవగ్గా వస్తుందని రిపీటర్ కొనమని మాత్రం నేను చెప్పను. మామూలు రిపీటర్ గాలిలో అందుకున్నదాన్ని మళ్లీ అదే గాలిలో వదలాలి కాబట్టి, వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

ప్రశ్న: బండ్లగూడ జాగీర్. మీరు చెప్పే లాన్ వైరు పరీక్ష చేశాను సార్. ప్లాన్ 200, కానీ ఎన్నిసార్లు చూసినా 94 దగ్గరే ఆగుతోంది. కంపెనీ మోసమేనా? - ఓ ఉద్యోగి

జవాబు: ప్రతిసారీ 94 దగ్గరే ఆగితే మోసం కాదు, వైరు. లాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. ఎనిమిదీ సరిగ్గా తగిలితేనే గిగాబిట్ వేగం. ఒక్కటి తెగినా, కొనలో క్లిప్పు సరిగ్గా నొక్కకపోయినా లింకు 100కి దిగిపోతుంది. అందులో చేతికి దక్కేది ఆ 94. వైరు మార్చి చూడండి. అప్పటికీ అంతే వస్తే రూటర్ పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో పాత 100 ఎంబీపీఎస్ రకం అయి ఉంటుంది. రూటర్‌దైతే కంపెనీని అడిగి మార్పించుకోండి.

ప్రశ్న: అత్తాపూర్‌లో ఉంటాం. స్తంభాల మీద కేబుళ్లు కత్తిరించి, మళ్లీ కలిపినప్పటి నుంచి రోజుకి నాలుగైదుసార్లు నెట్ పోతోంది. వచ్చినప్పుడు బాగానే వస్తుంది. కేబుల్ అబ్బాయి రూటర్ ఆపి వేయమని చెప్పి వెళ్లిపోతున్నాడు. - ఓ దుకాణదారు

జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాతే విద్యుత్ సంస్థ స్తంభాలకు వేలాడే కేబుళ్లను నగరమంతా కత్తిరించింది. ఎన్నో ఇళ్లలో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నెత్తి మీద వేలాడే ఆ వైర్ల గుత్తులు పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే తెగినవాటిని హడావుడిగా అతికిన చోట్ల ఇప్పుడు మీలాంటివాళ్లు అవస్థ పడుతున్నారు.

ఫైబర్‌లో నడిచేది వెలుగు. మెషీన్‌తో కరిగించి అతికిన జాయింటు దగ్గర నష్టం నామమాత్రం. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసిన జాయింటు ఎండకీ గాలికీ కదులుతూ వెలుగుని కారుస్తుంది. అందుకే మీకు వేగం తగ్గడం కాదు, లైను వచ్చి పోవడం. ఇంట్లోని ఫైబర్ పెట్టె మీద లాస్ అనే ఎర్ర లైటు వెలుగుతుందేమో, పాన్ లైటు మిణుకుతుందేమో ఆ వేళకి ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. కేబుల్ అబ్బాయి వస్తే రూటర్ సంగతి వదిలేసి, పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించమనండి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27 దాటిందంటే పెట్టెకి వెలుగు చాలడం లేదన్నమాట. మూడు తగ్గిందంటే వెలుగు సగమైనట్టు. ఆ అంకె అడిగిన ఇంట్లో జాయింటు మళ్లీ వేయకుండా వెళ్లడం కష్టం.

ప్రశ్న: శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకి దగ్గరి కాలనీ మాది. విమానం పైనుంచి వెళ్లినప్పుడల్లా వీడియో ఆగుతుందని మా అత్తగారు అంటారు. నవ్వి ఊరుకోవాలా? - ఓ కోడలు

జవాబు: పెద్దావిడ మాట ఊరికే రాలేదమ్మా. దూరదర్శన్‌కి ఇంటి మీద ఆంటెన్నా కట్టుకున్న రోజుల్లో విమానం పోతే బొమ్మ ఊగేది, విమానం ఒంటికి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ అసలు సిగ్నల్‌తో కలిసేది కాబట్టి. ఫైబర్ నెట్‌కి ఆ బెడద లేదు. పైలట్లు టవర్‌తో మాట్లాడేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, మీ వైఫై ఉండేది 2.4, 5 గిగాహెర్ట్జ్‌లో.

కానీ మీది వైరు లేకుండా డాబా మీద పెట్టె బిగించే 5జీ ఎయిర్ ఫైబర్ అయితే కథ వేరు. విమానం నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచే ఆల్టీమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌లో పని చేస్తుంది. దానికి అడ్డు రాకూడదని 2022 నవంబరులో టెలికాం శాఖ కంపెనీలకు ఒక ఆదేశం ఇచ్చింది. రన్‌వే రెండు కొనల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్య గీత నుంచి అటూ ఇటూ 910 మీటర్ల లోపల 3.3 - 3.67 గిగాహెర్ట్జ్ 5జీ టవర్లు పెట్టొద్దని దాని సారం. విమానం వల్ల కాకపోయినా, విమానాల కోసం పెట్టిన ఆ హద్దు ఇంకా అమల్లో ఉంటే దాని వల్ల సిగ్నల్ పలచబడే అవకాశం ఉంది. మీ వీధిలోకి ఫైబర్ వచ్చిందేమో కనుక్కోండి. వచ్చి ఉంటే దానికి మారండి.

ప్రశ్న: ఉప్పర్‌పల్లి. పొద్దున అంతా బాగుంటుంది, రాత్రి 8 దాటితే యూట్యూబ్ తిరుగుతూనే ఉంటుంది. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం ఫుల్ చూపిస్తోంది. ఎవరితో చెప్పుకోవాలి? - ఓ రిటైర్డ్ టీచర్

జవాబు: స్పీడ్ టెస్ట్ చాలాసార్లు మీ కంపెనీ సర్వర్‌నే పట్టుకుని కొలుస్తుంది మాస్టారూ. అంటే వీధి చివరి దాకా రోడ్డు బాగుందని చెబుతుంది, ఊరి బయట ట్రాఫిక్ సంగతి చెప్పదు. ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా చూడండి. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లది, వీడియోలు వచ్చే చోటి నుంచి కొలుస్తుంది. వారం పాటు పొద్దున 6కీ రాత్రి 9కీ లాన్ వైరుతోనే రెండూ కొలిచి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ వేళలో మీ ఫోన్ల ఫొటోలు, సీసీ కెమెరా రికార్డింగులు క్లౌడ్‌కి ఎక్కకుండా చూసుకోండి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా ఈడుస్తుంది.

రాత్రి అంకె పడిపోతుంటే కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. ఫోన్లో మాట్లాడి వదిలేస్తే లెక్కలోకి రాదు. తేల్చకపోతే అదే నంబర్‌తో ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి స్క్రీన్‌షాట్లు జోడించి రాయండి, రుసుము ఉండదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాసి లాభం లేదు, విడి విడి ఫిర్యాదులు వాళ్లు చూడరు. కనీసం 2 ఎంబీపీఎస్ వస్తేనే బ్రాడ్‌బ్యాండ్ అని 2023 జనవరి నుంచి ప్రభుత్వ నిర్వచనం. రాత్రి కొలతల్లో ఒక్కటైనా అంతకన్నా కిందికి దిగితే, ఆ స్క్రీన్‌షాట్‌ని అన్నిటికన్నా పైన పెట్టండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.