ఆ కుక్కరు తిరిగి ఇవ్వకు

నరసాపురం,
బుధవారం

చి. అమ్మడికి,

"పేలిన కుక్కరు పట్టుకొచ్చేయండి, కొత్తది ఇచ్చేస్తాను, మీ అమ్మగారి ఆసుపత్రి ఖర్చులకి కూడా ఎంతో కొంత సర్దుతాను" అన్నాడట అది అమ్మిన కొట్టాయన. మంచి మనిషే, కాదనను. అయినా ఆ కుక్కరు మాత్రం ఇవ్వకు. మూత, గాస్కెట్టు, విజిలు, ఎగిరిపోయిన సేఫ్టీ వాల్వు, వంగిపోయిన పిడి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచు. పప్పు ఎండి అంటుకుపోయిందని పనిమనిషి చేత తోమించేవు, వద్దు. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తియ్యి. గోడ మీద పడ్డ మరకనీ, పగిలిన గచ్చునీ కూడా తియ్యి. తర్వాత అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, మీద తేదీ రాసి అటకెక్కించు. రేపు కేసంటూ వేస్తే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువుని ప్రయోగశాలకి పంపించగలదు. లోపం వాల్వులో ఉందా, మూత లోహంలో ఉందా అన్నది తేల్చేది వాళ్ళే. 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. వస్తువే చేతిలో లేకపోతే ఇక పరీక్షించేదేముంటుంది?

ఇంకో సంగతి. వస్తువుని వాడకూడని పద్ధతిలో వాడినా, మార్పులు చేసినా అమ్మినవాడి మీద దావా నిలవదని 87వ సెక్షను చెబుతోంది. కంపెనీ వకీలు కూడా ముందు ఎత్తుకునేది దీన్నే. "గాస్కెట్టు బజారుది వేశారు, వాల్వు స్థానంలో ఇంకేదో బిగించారు" అంటాడు. ఎగిరిపోయిన వాల్వు కంపెనీదేనని చూపించగలిగితే ఆ మాట అక్కడే తేలిపోతుంది. కోర్టు వరండాలో ప్లీడరు గుమాస్తాగా జుట్టు నెరిసినవాణ్ణి, ఇలాంటి కేసులు వాదనలో కన్నా వస్తువు మాయమైనచోటే ఎక్కువగా పోవడం చూశాను.

"కొన్నది నేను, కాలింది అమ్మ చెయ్యి, కేసు ఎవరు వెయ్యాలి?" అని అడిగావు. అమ్మే వెయ్యొచ్చు. కొన్నవాళ్ళ అనుమతితో వాడుకునేవాళ్ళూ వినియోగదారులేనని చట్టం చెబుతోంది. బిల్లు పోయిందన్నావు. ఫోన్‌పేలో కట్టావు కదా, ఆ లావాదేవీ కాగితం బ్యాంకు నుంచి తీసుకో. వారంటీ కార్డు మీద కొట్టు ముద్ర ఉంటే మరీ మంచిది. అసలు బిల్లే ఇవ్వలేదంటే అదొక అక్రమ వ్యాపార పద్ధతి కింద వస్తుంది, దాన్నీ ఫిర్యాదులో ఓ పేరాగా చేర్చొచ్చు. ఇకపోతే కుక్కరు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే అంకె ఉందేమో చూడు. 2021 ఫిబ్రవరి నుంచీ ఆ గుర్తు లేని కుక్కరు ఈ దేశంలో అమ్మకూడదు. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ అంకె కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. దొంగ గుర్తులు లేకపోలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ కుక్కర్ల విషయంలోనే అమెజాన్‌కీ ఫ్లిప్‌కార్ట్‌కీ చెరో లక్ష జరిమానా వేసింది. నాణ్యత ఆదేశానికి సరిపోని సరుకు వెనక్కి తీసుకుని కొన్నవాళ్ళకి డబ్బు తిరిగి ఇవ్వమంది.

కొట్టాయన గురించి నీకు మొహమాటంగా ఉందని తెలుసు. ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చుని నెమ్మదిగా చెప్పు. ఉత్పత్తి లోపానికి ప్రధాన బాధ్యత తయారీదారుది. అమ్మినవాడి బాధ్యత కొన్ని సందర్భాల్లోనే వస్తుంది. తయారుచేసిందెవరో చెప్పలేకపోయినా, ఆ చెప్పినవాడికి నోటీసు అందకపోయినా అప్పుడు భారం అమ్మినవాడి నెత్తిన పడుతుంది. కాబట్టి సరుకు ఏ డీలరు పంపాడో, ఆ ఇన్‌వాయిసు నకలు ఇస్తే ఆయనకే క్షేమం. ఈ మాట చెబితే ఆయనే కాగితాలు వెతికి ఇస్తాడు చూడు.

ఆసుపత్రి కాగితాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. డ్యూటీ డాక్టరు "ఎలా కాలింది?" అంటే మీ అమ్మ "వంట చేస్తుంటే కాలిందండీ" అందట. కేసు షీట్లో అదే పడి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చూపించి, నూనె చిందిందో స్టవ్వు మంట తగిలిందో అని అవతలివాళ్ళు ఎన్ని కథలైనా అల్లగలరు. కాలిన కేసు కాబట్టి స్టేషన్‌కి కబురు వెళ్ళి, కానిస్టేబులు వచ్చి వాంగ్మూలం రాసుకున్నాడన్నావు. అందులో కుక్కరు పేలిందన్న మాట ఉందో లేదో చూసి నకలు తీసుకో. కేసు షీటు నకలు కూడా అడుగు. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ చేతిలో పెట్టి పంపిస్తే ఊరుకోకు. నర్సులు రోజూ రాసే నోట్సు దాకా అడుగు. కట్టు మార్చిన ప్రతిసారీ ఆ చెయ్యి ఫోటో తియ్యి. అమ్మకి ఇష్టం ఉండదు, అయినా తియ్యి.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నదే దీనికోసం. నువ్వు పంపిన ఫిర్యాదు చిత్తుప్రతి చదివాను. బాగానే రాశావు గానీ రెండో లైనులో "ఫిర్యాదుదారు గృహిణి" అన్నావు. కొట్టెయ్యి ఆ ముక్క. ఊహ తెలిసినప్పటి నుంచీ మీ అమ్మ చేతిలో క్రోషా సూది ఉంది. నీ ఇంజనీరింగు ఫీజులు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావు? మీ నాన్న జీతం ఒక్కటీ చాలిందా?

మన ఊరి ఆడవాళ్ళకి ఈ అన్యాయం కొత్త కాదు. మారియా మీస్ అని జర్మనీ నుంచి ఒక సామాజిక శాస్త్రవేత్త మన ఊరొచ్చి, లేసు అల్లేవాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని, 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అని పుస్తకం వేసింది. ఆవిడ చెప్పింది ఇదే. లేసు విదేశాలకి ఎగుమతి అవుతుంది, వ్యాపారులు బాగుపడతారు, అల్లే మనిషిని మాత్రం తీరిక వేళల్లో కాలక్షేపానికి ఏదో చేసుకునే ఇల్లాలి కిందే లెక్కగడతారు, అందుకే కూలి అంత తక్కువ అని. 2024లో మన లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేపర్లో పడింది, అందరం సంతోషించాం. అల్లే చేతులకి మాత్రం చాలా రికార్డుల్లో కార్మికురాలన్న పేరు లేదు. నువ్వు కూడా అమ్మని ఆ పేరు లేనివాళ్ళ జాబితాలోనే చేర్చేస్తే ఎలా?

ఇందులో కేవలం గౌరవం సంగతే కాదు, డబ్బు లెక్క కూడా ఉంది. 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. అది మోటారు ప్రమాదం కేసు, కానీ గాయానికి పరిహారం ఎలా కట్టాలన్న దానికి కోర్టులన్నీ దాన్నే చూస్తాయి. శరీరానికి ఎంత శాతం వైకల్యం వచ్చింది, సంపాదనకి ఎంత శాతం దెబ్బ తగిలింది, ఈ రెండూ ఒకటి కావు అంది. ఎడమ చెయ్యి తీసేస్తే వైకల్యం సుమారు 60 శాతం అని డాక్టరు రాయొచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం ఉంటుంది, అంత నష్టం ఉండకపోవచ్చు. ఆ తీర్పులో ఉన్న ఉదాహరణలే ఇవి.

ఇప్పుడు మీ అమ్మ కుడిచెయ్యి చూడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం బిగుసుకుపోయి వేళ్ళు పూర్తిగా విచ్చుకోవడం లేదన్నావు. వైద్య బోర్డు అంకె ఎంత చిన్నదైనా రాయొచ్చు. అన్నం తింటుంది, చీపురు పడుతుంది, తలుపు తీస్తుంది కాబట్టి. కానీ లేసుకి కావలసింది ఆ రెండు వేళ్ళే. సూది అక్కడే పట్టాలి, దారం అక్కడే జారాలి, ముడి బిగువు అక్కడే తెలియాలి. చిత్తుప్రతిలో "గృహిణి" అని ఉంటే ఆ అంకె ఒక్కటే మిగులుతుంది. "లేసు అల్లే పనివారు" అని ఉండి రుజువు కూడా ఉంటే, ఆ వృత్తికి ఎంత నష్టం అని కమిషన్ విడిగా ఆలోచించాల్సి వస్తుంది. అందుకే డాక్టరుగారిని ఊరికే శాతం రాసిమ్మని అడక్కు. సూది, దారం పట్టుకెళ్ళి ఆయన ముందు అమ్మ చేత పట్టించు. ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో ఆయన మాటల్లోనే రాయించు. గాయం పూర్తిగా మానాక, ఫిజియోథెరపీ అయ్యాక రాయించడం మంచిది. సదరం వైకల్య సర్టిఫికెట్టు దాని దోవన అది.

వంటపనికి విలువే లేదని కూడా అనుకోకు. ఇంటి ఇల్లాలి చాకిరీని డబ్బు లెక్కలో తీసుకోవాలని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది, 2021 జనవరిలో కీర్తి కేసులో మరీ గట్టిగా చెప్పింది. కాబట్టి రెండూ రాయి. లేసు సంపాదన వేరే పద్దు, ఇంటి చాకిరీ వేరే పద్దు. వైద్యం ఖర్చు, ఇకముందు చేయించాల్సిన సర్జరీ, ఆటో ఖర్చులు, నువ్వు సెలవు పెట్టిన రోజులు, నొప్పి బాధ, ఒక్కోదానికీ అంకె, అంకె వెనక కాగితం. కోటి అడగమన్నాడట మీ అన్నయ్య డాలస్ నుంచి. వాడికి ఆవేశం ఎక్కువ.

వాడు చెప్పే అమెరికా కాఫీ కేసు నాకూ తెలుసు. 79 ఏళ్ళ స్టెల్లా లీబెక్ అనే ఆవిడ ఒడిలో మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒలికి చర్మం లోపలిదాకా కాలిపోయింది. ఇరవైవేల డాలర్లు అడిగితే కంపెనీ 800 ఇస్తానంది. 1994లో జ్యూరీ దాదాపు 29 లక్షల డాలర్లు ఇమ్మంటే, జడ్జి దాన్ని ఆరు లక్షల నలభై వేలకి తగ్గించాడు. చివరికి బయటే రాజీ చేసుకున్నారు. మీ అన్నయ్య చూసింది జ్యూరీ అంకె ఒక్కటే. అదే కాఫీతో కాలిందని అంతకుముందే 700 ఫిర్యాదులు కంపెనీ దస్త్రాల్లో ఉన్నాయి. కేసుని నిలబెట్టింది అవి. నువ్వూ అదే మోడలు గురించి ఇతరులు ఎక్కడైనా ఫిర్యాదు చేశారేమో వెతుకు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నీ ఫిర్యాదు కూడా నమోదు చేయించు. అక్కడ నీకు న్యాయం దొరక్కపోయినా, రేపు ఇంకో ఊళ్ళో పేలినప్పుడు ఆ ఫిర్యాదు నెంబరు పనికొస్తుంది. వచ్చే డబ్బులో వాటా తీసుకునే ప్లీడర్లు అమెరికాలో ఉంటారు, మన బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇక్కడ అది నిషిద్ధం. పరిహారంలో పర్సంటేజీ అడిగే మనిషి ఎవరైనా వస్తే, గుమ్మంలోంచే పంపెయ్యి.

అసలు ప్లీడరు లేకుండానే నడపొచ్చు. కుక్కరు ఖరీదు రెండు మూడు వేలే కాబట్టి అడిగే పరిహారం ఎంతైనా కేసు జిల్లా కమిషన్‌లోనే పడుతుంది. అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. అమ్మ ఉన్న ఊరి జిల్లాలోనే వెయ్యొచ్చు, ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటినుంచే దాఖలు చెయ్యొచ్చు. ఒకప్పుడైతే ప్రతి వాయిదాకీ ఏలూరు బస్సెక్కాల్సి వచ్చేది. గడువు రెండేళ్ళు. ముందు తయారీదారుకీ, కొట్టుకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్టు రుజువు దాచు. ఆలస్యానికి మాత్రం సిద్ధపడు. పరీక్ష అవసరమైన కేసు అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, చట్టంలో రాసినంత వేగంగా ఏ కోర్టూ నడవదు. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఆపరేషనై నడుం కింద చచ్చుపడిపోయిన ఇరవై ఏళ్ళ ఇంజనీరింగు కుర్రాడికి సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇచ్చింది 2009లో. చక్రాల కుర్చీలో వచ్చి తన కేసు తనే వాదించుకున్నాడు. మనకి అన్నేళ్ళు పట్టదనే అనుకుంటున్నాను. మధ్యలో కంపెనీ రాజీకొస్తే తప్పేం లేదు. కమిషన్ దగ్గర మధ్యవర్తిత్వం ఉంది, కాగితం మీద ఒప్పుకుంటే చాలు. కాఫీ హోటల్లో మాట్లాడుకునే రాజీ మాత్రం వద్దు.

ఇక మీ అమ్మ సంగతి. "గ్రహచారం, ఎవర్నని ఏం లాభం" అంటోందట. 2014 జూన్ 27 తెల్లవారుజామున గోదావరి అవతలి ఒడ్డున నగరం అనే ఊళ్ళో గెయిల్ గ్యాసు పైపులైను పేలినప్పుడు తనే కదా టీవీ ముందు కూర్చుని "వాళ్ళకి డబ్బు కట్టాల్సిందే" అని అరిచింది! ఇరవైమందికి పైగా పోయారు, మంత్రులొచ్చారు, పరిహారం ప్రకటించారు. భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత, 1991లో వచ్చిన చట్టం అలాంటి ప్రమాదాల్లో కంపెనీ నిర్లక్ష్యాన్ని బాధితులు రుజువు చెయ్యనక్కర్లేకుండానే కొంత సాయం ఇమ్మంది. 2019 చట్టంలో కుక్కరు చేసేవాడికీ దాదాపు అదే రాశారు. తయారీలో లోపం ఉందని తేలితే చాలు, "నేను జాగ్రత్తగానే చేశాను" అన్నా తప్పించుకోలేడు. నగరంలో వాళ్ళకి డబ్బు అడగడం ధర్మమైతే తనకి ఎందుకు కాదో నేను అడుగుతున్నానని చెప్పు. కేసంటే పరువు తక్కువ అంటే, కోర్టులో గడిపిన తన అన్నయ్య పరువు సంగతేంటో కూడా అడుగు.

లేసు ఏజెంటు దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంటుంది. ఎవరికి ఏ రోజు ఎన్ని కండెల దారం ఇచ్చాడో, సరుకు తెచ్చాక ఎంత కట్టాడో అందులో రాసుకుంటాడు. మీ అమ్మ పేరున్న పేజీలు కావాలి, ఆయన సంతకంతో. ఇవ్వడానికి జంకుతాడు, కూలి రేటు బయటపడుతుందని. ఆయన సంగతి నేను చూసుకుంటాను, రేపే రుస్తుంబాద వెళ్తున్నాను. నువ్వు ఆదివారం వచ్చేటప్పుడు అమ్మ బ్యాంకు పాస్‌బుక్కు ఎంట్రీలు వేయించి తీసుకురా. ఆ చిత్తుప్రతి మాత్రం ఇంకా ఎవరికీ పంపకు, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

ఆశీస్సులతో,
మావయ్య