ఏడు సీట్ల కారు, పన్నెండు మంది టీము

సమస్య

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆమెది ఏలూరు, భర్తది గుంటూరు. పన్నెండేళ్ల కొడుకు, ఎనిమిదేళ్ల కూతురు. ఆమె ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. ఆయన రోజూ పాత కామ్రీలో అర్వింగ్ ఆఫీసుకు వెళ్లొస్తారు, రానూపోనూ యాభై మైళ్లు. పిల్లల బడి, సరుకులు, కార్యసిద్ధి హనుమాన్ గుడి, వారాంతపు ఆటలు అన్నిటికీ పదేళ్ల నాటి హోండా ఒడిస్సీ వ్యాను ఉంది.

ఇంట్లో రెండు విషయాలు తెగడం లేదు. మొదటిది కారు. సెప్టెంబరులో అత్తమామలు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. ఒడిస్సీ అమ్మేసి మూడు వరసల ఎలక్ట్రిక్ బండి, కియా ఈవీ9 కొనాలని భర్త పట్టుబట్టారు. ఆరుగురూ ఒకే బండిలో హ్యూస్టన్ దగ్గరి పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్లాలన్నది ఆయన కోరిక. వ్యాను ఉంచుకుని, కామ్రీ స్థానంలో ఐదు సీట్ల ఎలక్ట్రిక్ కారు కొంటే చాలన్నది ఆమె మాట.

రెండోది బేస్‌బాల్. కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడిన ఆయన, కొడుకు కోసం ఈ ఆట నేర్చుకుని, ఇప్పుడు వాడి టీముకే హెడ్ కోచ్ అయ్యారు. ట్రైఔట్లకు పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు, తీసుకోగలిగింది పన్నెండు మందిని. చివరి చోటు కోసం ముగ్గురు మిగిలారు. వాళ్లలో ఒకడు ఇంజనీరింగ్‌లో ఆయన రూమ్మేట్ కొడుకు. ఆ రెండు కుటుంబాలదీ పదిహేనేళ్ల స్నేహం.

“రాత్రి పదకొండు దాటినా ల్యాప్‌టాప్ ముందే ఉంటారు,” అని రాశారామె. “ఒక ట్యాబులో కార్లు, ఇంకో ట్యాబులో పిల్లల పేర్లు. నన్ను అడగరని కాదు, అడుగుతారు. కానీ నా దాకా వచ్చేసరికి ఎక్సెల్ షీటంతా నిండిపోయి ఉంటుంది. అమ్మానాన్నల మాట ఎత్తితే నేను వద్దన్నట్టు అవుతుందని భయం. స్నేహితుడి మాట ఎత్తితే ఆయనకు కోపం. ఏది ముందు తేల్చుకోవాలి, ఎలా?”

సలహా

ఈ ఉత్తరంలో అసలు విషయమంతా ఎక్సెల్ షీటు గురించి రాసిన వాక్యంలో ఉంది. ఆ షీటులో రేంజి, చార్జింగ్ వేగం, సీట్లు, ధర అన్నీ ఉండే ఉంటాయి. ఉండాల్సింది ఇంకొకటి: ఏ బండిలో ఎవరెవరు, వారంలో ఎన్నిసార్లు, ఎంత దూరం వెళ్తున్నారు? ఆ గడిని కార్ల కంపెనీ వాళ్లు నింపలేరు, ఆమే నింపగలరు. కాబట్టి భర్త చేసిన షీటు మీద అభిప్రాయం చెప్పడం ఆపి, ఆమె ముందుగా ఒక నెల రోజుల ప్రయాణాలు రాసి ఆయన ముందు పెట్టాలి. అప్పుడు మాట అత్తమామలు కావాలా వద్దా అన్న వైపు పోదు.

ఆయన కోచ్ కనుక బేస్‌బాల్ లెక్కలోనే చెప్పొచ్చు. మేజర్ లీగ్ టీముకు ఇప్పుడు 26 మందే, అందులో పిచ్చర్లు 13కి మించకూడదు. సెప్టెంబరులో మాత్రం 28 మంది. వీళ్లతోనే 162 మ్యాచ్‌లు గడవాలి. అందుకే జాబితా వేసేవాళ్లు ఒక ఆటగాడు ఫైనల్లో ఏం చేస్తాడన్నదాని కంటే మే నెలలో ఒక మామూలు మంగళవారం రాత్రి ఏం చేస్తాడన్నది ఎక్కువగా చూస్తారు. బెన్ జోబ్రిస్ట్ టాంపా బే రేస్‌లో సెకండ్ బేస్ ఆడేవాడు, రైట్ ఫీల్డ్ ఆడేవాడు, అవసరమైతే షార్ట్‌స్టాప్‌లో నిలబడేవాడు. 2009లో ఆల్‌స్టార్ అయ్యాడు, 2016లో షికాగో కబ్స్ గెలిచిన వరల్డ్ సిరీస్‌కు ఎంవీపీ అయ్యాడు. ఏ చోట ఖాళీ పడినా పూడ్చగల మనిషిని ఏ టీమూ తేలిగ్గా వదులుకోదు. ఈ ఇంట్లో ఆ పాత్ర ఒడిస్సీది. దాన్ని అమ్మేయాలనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

దీనికి ఆయన దగ్గర సమాధానం ఉండొచ్చు. 2004 జులై 31న, ట్రేడ్ గడువు చివరి రోజున, బోస్టన్ రెడ్ సాక్స్ డేవ్ రాబర్ట్స్‌ను తెచ్చుకుంది. అక్టోబరులో యాంకీస్‌తో సిరీస్‌లో 0-3తో వెనకబడి, నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు తేడాతో ఓడిపోయే స్థితిలో, రాబర్ట్స్‌ను కేవలం పరుగెత్తడానికి దింపారు. మరియానో రివెరా బంతి వేస్తుండగా అతను సెకండ్ బేస్ దొంగిలించాడు. బిల్ మ్యూలర్ కొట్టిన దెబ్బకు ఇంటికొచ్చి స్కోరు సమం చేశాడు. ఆ మ్యాచ్, ఆ సిరీస్, 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ కూడా బోస్టన్‌వే అయ్యాయి. ఒక్క పరుగు కోసం ఒక మనిషిని ఉంచుకోవడం వృథా కాలేదు.

నిజమే. అయితే అప్పట్లో జాబితాలో 25 చోట్లుండేవి. ఈ ఇంటి గరాజులో ఉన్నవి రెండు. హ్యూస్టన్ ప్రయాణం ఆరు నెలల్లో రెండుసార్లో మూడుసార్లో ఉంటుంది. మిగతా రోజుల్లో ఈవీ9లో ఆయనొక్కరే అర్వింగ్ వెళ్తారు, తక్కిన ఆరు సీట్లూ ఖాళీ. పెద్ద టీములు కూడా అప్పుడప్పుడు పడే అవసరానికి మనిషిని జాబితాలో కూర్చోబెట్టవు, కింది స్థాయి లీగ్ అయిన ట్రిపుల్-ఏ నుంచి పిలిపించుకుంటాయి. వ్యాను కంటే పెద్ద బండి కావాల్సిన నాలుగు రోజులకు అద్దెకు తెచ్చుకోవడం అలాంటిదే.

అత్తగారికి మోకాళ్ల నొప్పులున్న సంగతి ఉత్తరంలో ఒక్క మాటగా వచ్చింది, కానీ దాన్ని నిదానంగా చూడాలి. మూడు వరసల ఎస్‌యూవీలో నేల ఎత్తులో ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒక కాలు పైకి పెట్టి, పైన పట్టుకుని, ఒంటి బరువంతా ఆ మోకాలి మీద మోపి లేవాలి. వ్యానులో తలుపు పక్కకు జరుగుతుంది, నేల కిందికి ఉంటుంది, దాదాపు నడిచి ఎక్కినట్టే. తలుపు బయటికి తెరుచుకోదు కనుక గుడి పార్కింగులో పక్క కారు ఆనుకుని ఉన్నా ఇబ్బంది లేదు. ఒడిస్సీ మూడో వరస వెనక లోతైన గుంట ఉంటుంది. అందులో బ్యాట్ బ్యాగులు, క్యాచర్ సామాను, మడత కుర్చీలు, ఐస్ పెట్టె పట్టినంతగా, మూడు వరసలూ నిండిన ఎస్‌యూవీ డిక్కీలో పట్టవు. కొనేముందు ఆయన షోరూముకు వీలైతే తల్లి ఈడు, ఆమె ఎత్తు ఉన్న మనిషిని వెంట తీసుకెళ్లి, మూడుసార్లు ఎక్కించి దింపి చూడాలి. ఏ వీడియో రివ్యూ చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.

ఇక డబ్బు. ఈవీ9 ధర సుమారు 55 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది. షెవర్లే ఈక్వినాక్స్ ఈవీ లాంటి ఐదు సీట్ల కారు 35 వేల దగ్గర దొరుకుతుంది, ఫ్రంట్ వీల్ డ్రైవ్ రకానికి ఈపీఏ రేంజి 319 మైళ్లు. కొత్త ఎలక్ట్రిక్ కారు మీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. పెట్రోలు పన్ను రాదని టెక్సస్ 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఎలక్ట్రిక్ బండికి మొదట 400 డాలర్లు, తర్వాత ఏటా 200 వసూలు చేస్తోంది.

ఆఫీసు ప్రయాణం ఏడాదికి 12 వేల మైళ్లు అనుకుందాం. గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే కామ్రీకి 400 గ్యాలన్లు కావాలి. గ్యాలన్ మూడు డాలర్లయితే 1,200. యూనిట్‌కు మూడు మైళ్లు నడిచే ఎలక్ట్రిక్ కారుకు 4,000 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లయితే 600. రాష్ట్రం తీసుకునే 200 పోను మిగిలేది ఏటా 400 డాలర్లు. ఆయిల్ మార్చే ఖర్చు తగ్గడం దీనికి అదనం. మంచి పొదుపే. కానీ రెండు కార్ల మధ్య ఉన్న 20 వేల తేడాను ఈ పొదుపుతో పూడ్చాలంటే యాభై ఏళ్లు పడుతుంది. “కరెంటు బండి కదా, డబ్బు తిరిగొస్తుంది” అన్న మాట రోజూ తిరిగే కారు విషయంలో కొంత చెల్లుతుంది. సీట్ల కోసం పెట్టే అదనపు సొమ్ముకు అస్సలు చెల్లదు.

రేంజి గురించి మాత్రం ఆమె భయపడనక్కర్లేదు. యాభై మైళ్లకు ఖర్చయ్యేది దాదాపు 17 యూనిట్లు. గరాజులో 240 వోల్టుల లైను, 50 ఆంపియర్ల బ్రేకరు పెట్టిస్తే రెండు గంటల్లో ఎక్కేస్తుంది. మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో రాత్రంతా పెడితే 35, 40 మైళ్లు వస్తాయి. వారం మధ్యలో కాస్త వెనకబడినా శని ఆదివారాల్లో పూడుతుంది. ఎలాగైనా ఎలక్ట్రీషియన్‌ను కారు కొన్నాక కాదు, కొనకముందే పిలిపించాలి. పాత ప్యానెల్‌లో ఆ లోడుకు చోటు లేకపోతే ఖర్చు మారిపోతుంది.

భర్త మాట నెగ్గాల్సిన సందర్భం ఒకటుంది. తెలిసిన మెకానిక్‌తో ఒడిస్సీని లిఫ్టు మీద పెట్టించి చూపించాలి. ట్రాన్స్‌మిషన్ పాడవుతోందనో, పెద్ద రిపేరు ముంచుకొస్తోందనో తేలితే, పెద్దవాళ్లిద్దరినీ ఎక్కించుకుని హ్యూస్టన్ వెళ్లే ఐ-45 హైవే మీద అంత దూరం పోవడం మంచిది కాదు. అప్పుడు మూడు వరసల బండి కొనడంలో అర్థముంది. ఆ దారిలో కోర్సికానాలో, హంట్స్‌విల్‌లో ఫాస్ట్ చార్జర్లున్నాయి. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి అరగంట ఆగితే సరిపోతుంది, పెద్దవాళ్లు ఎటూ దిగాల్సిందే. అదీ కాక, తల్లిదండ్రుల్ని కొత్త కారులో తిప్పాలన్న కొడుకు కోరికను ఆమె లెక్కల కింద తొక్కేయకూడదు. ఆ కోరిక మంచిదని ముందు ఆమె నోటితో చెప్పి, తర్వాత మోకాళ్ల సంగతి ఎత్తితే ఆయన వింటారు.

బేస్‌బాల్ సంగతి దీనికంటే కష్టం, ఎందుకంటే అక్కడ పిల్లలున్నారు. అమెరికా యూత్ బేస్‌బాల్‌లో ‘డాడీ బాల్’ అనే నింద ఒకటుంది, కోచ్ తన కొడుకునీ తనవాళ్ల పిల్లల్నీ ముందుకు నెట్టడం. స్నేహితుడి కొడుకును తీసుకుంటే ఆ మాట వస్తుందని వదిలేయడం కూడా అన్యాయమే. కాబట్టి ఈ ముగ్గురి విషయంలో ఆయన తీర్పు ఒక్కటే ఉండకూడదు. ఈ కుటుంబాలతో పరిచయం లేని మరో కోచ్‌ను పిలిచి, పేర్లు లేకుండా చొక్కా నంబర్లతో మార్కులు వేయించుకోవాలి.

ఆ కోచ్‌ను అడగాల్సింది ఎవరు బాగా ఆడతారని కాదు, టీముకు ఏం తక్కువైందని. పిల్లల మోచేతులు కాపాడడానికి మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన ‘పిచ్ స్మార్ట్’ నియమాల ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లాడు రోజుకు 85 బంతులు మించి వేయకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. శనివారం ఉదయం 70 బంతులు వేసినవాడు మళ్లీ గురువారం దాకా వేయడానికి లేదు. ఒక వారాంతంలో నాలుగైదు మ్యాచ్‌లుండే టోర్నమెంట్‌లో పన్నెండు మందిలో కనీసం ఆరుగురైనా బంతి వేయగలిగి ఉండాలి. స్నేహితుడి కొడుకు నెమ్మదిగా పరుగెత్తుతాడు కానీ బంతి గురి తప్పదని ఆమె రాశారు. టీములో బంతి వేసేవాళ్లు నలుగురే ఉంటే వాడి చోటు వాడు సంపాదించుకున్నట్టే, స్నేహంతో పని లేదు. ఎనిమిది మంది ఉంటే వేగంగా పరుగెత్తేవాడే కావాలి. 2002లో ఓక్లండ్ ఏస్, మోచేయి దెబ్బతిని క్యాచర్‌గా పనికిరాడనుకున్న స్కాట్ హాటిబర్గ్‌ను ఫస్ట్ బేస్‌లో పెట్టింది, అతను బేస్ మీదికి చేరగలడన్న ఒక్క కారణంతో. ఆ ఏడాది ఏస్ వరసగా గెలిచిన ఇరవయ్యో మ్యాచ్‌ను ముగించిన హోమ్ రన్ అతనిదే.

మొహమాటానికి పోయి పదమూడో వాడిగా తీసుకుని బెంచీ మీద కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఆ పిల్లాడి శని ఆదివారాలు పోతాయి, ఫీజూ పోతుంది. మూడు నెలలయ్యాక స్నేహం కూడా పోతుంది.

వదులుకోవాల్సి వస్తే గ్రూపు మెసేజిలో జాబితా పెట్టకముందే, ఫోనులో కాకుండా, ఆయన స్వయంగా స్నేహితుడింటికి వెళ్లాలి. తండ్రితో చాటుగా కాదు, పిల్లాడి ఎదుటే చెప్పాలి. “నాన్నా, ఈ సీజన్‌లో నీకు చోటివ్వలేకపోతున్నాను. నీ బంతి బాగుంది, మొదటి మూడడుగుల వేగం పెరగాలి. అది నేను నేర్పిస్తాను.” అంత చాలు. ఓదార్పు కోసం ఇంకో పిల్లాడి లోపాలు చెప్పకూడదు.

ఆ ఊరి పిల్లలందరికీ తెలిసిన అడోలిస్ గార్సియా పేరు అక్కడ ఎత్తొచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ రేంజర్స్ అతన్ని 40 మంది జాబితా నుంచి తీసేసింది. కావాలంటే తీసుకోమని మిగతా 29 టీములకూ అవకాశమిస్తే ఒక్కరూ తీసుకోలేదు. ఏప్రిల్‌లో మళ్లీ పిలుపొచ్చింది, జులైలో ఆల్‌స్టార్ అయ్యాడు. 2023లో హ్యూస్టన్‌తో జరిగిన లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో 15 పరుగులు ఇంటికి రప్పించి రికార్డు సృష్టించాడు, రేంజర్స్ ఆ ఏడాదే తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఈ కథ చెప్పాక వచ్చే ట్రైఔట్ తేదీ కూడా చెప్పి, అప్పటిదాకా వారానికొకరోజు ప్రాక్టీసుకు రమ్మని పిల్లాణ్ణి పిలవాలి. వాడు వచ్చిన రోజున బంతి వాడి చేతికిచ్చి, పక్కన నిలబడి చూసే తీరిక ఆయనకుంటేనే ఆ పిలుపు పిలవాలి.